తాటిగుంటలంకలో విదేశీ హస్తం

పంచాయతీ పోలింగు ముందురోజు సాయంత్రం కువైట్ నుంచి పల్లాలమ్మ ఫోన్ చేసి, "రేపు కత్తెరకి గుద్దు. మర్చిపోకు, కత్తెర" అంది. మట్టపర్తి ఏడుకొండలు "ఆయ్, కత్తెరే" అన్నాడు. ఆ ఒక్క ముక్కతో తాను అంతర్జాతీయ రాజకీయాల్లో కాలు పెట్టానని అతనికి అప్పటికి తెలియదు.

ఏడుకొండలు కొబ్బరి దింపు తీసే మనిషి. చెట్టు మీద ఉన్నంతసేపు ఎవరికీ భయపడడు, దిగాక అందరికీ భయపడతాడు. భార్య పల్లాలమ్మ చాలా ఏళ్ళుగా కువైట్‌లో ఒకరింట్లో వంట చేస్తోంది. తాటిగుంటలంకలో సగం కొంపల సంగతి ఇంతే. ఆడవాళ్ళు కువైట్‌లోనో మస్కట్‌లోనో దోహాలోనో ఉంటారు. మగవాళ్ళూ, పిల్లలూ, కోళ్ళూ లంకలో ఉంటారు. కాపురాలు ఫోన్లో నడుస్తాయి. పిల్లకి జ్వరమొస్తే ఏ మాత్ర వెయ్యాలో, పులుసులో చింతపండు ఎంత పడాలో, ఆడపడుచు పెళ్ళికి ఏ చొక్కా తొడుక్కెళ్ళాలో అన్నీ అక్కణ్ణుంచే తేలతాయి. మగవాళ్ళకి ఇందులో అవమానం ఏమీ కనపడలేదు. ఆలోచించే పని తప్పినందుకు వాళ్ళు నాలుగు కేజీలు ఒళ్ళు కూడా చేశారు.

కత్తెర గుర్తు పెచ్చెట్టి వీరమణిది. ఆవిడా కువైట్‌లో చేసి వచ్చినావిడే. లంక చుట్టూ గోదావరి పారుతుంది గానీ ఊళ్ళో బోరు నీళ్ళు నోట్లో పెట్టుకోలేరు, ఉప్పు. "ఎడారిలో కుళాయి తిప్పితే మంచినీళ్ళొత్తన్నాయి. గోదారి మధ్యలో ఉన్నోళ్ళం మనకెందుకు రావు?" అని వీరమణి ఒకటే మాట పట్టుకుంది. ఆ మాట లంకలో మగవాళ్ళకి పెద్దగా ఎక్కలేదు. ఎడారిలో ఉన్న ఆడవాళ్ళకి మాత్రం వెంటనే ఎక్కింది. రోజూ ఆ కుళాయి తిప్పేది వాళ్ళే, ఇక్కడ ఉప్పునీళ్ళు తాగేది వాళ్ళ పిల్లలే.

ఉంగరం గుర్తు భీమరాజుగారిది. మూడుసార్లు ప్రెసిడెంటుగా చేసిన మనిషి, రొయ్యల చెరువుల ఆసామి. పోలింగు రోజున ఏడుకొండలు కత్తెర అనుకుంటూనే ఇంట్లోంచి బయల్దేరాడు. దారిలో రాజుగారి తోటలో మాంసం పులావు వడ్డిస్తున్నారు. పక్కన సీసాలున్నాయి. రెండోసారి వడ్డించేటప్పుడు రాజుగారు స్వయంగా వచ్చి భుజం మీద చెయ్యేసి, "ఏరా, మీ నాన్న చెట్టెక్కడం నేర్చుకుంది ఈ తోటలోనే కదరా" అన్నారు. ఏడుకొండలుకి కళ్ళు చెమర్చాయి. ఆ చెమ్మలోనే వెళ్ళి ఉంగరానికి గుద్దేశాడు.

సాయంత్రం పల్లాలమ్మ అడిగితే "కత్తెరకే" అన్నాడు. అది అబద్ధమన్న స్పృహ కూడా కలగలేదు. అన్నం తిన్నావా అంటే తిన్నాననీ, ఒంట్లో ఎలా ఉందంటే బాగుందనీ ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు ఏళ్ళ తరబడి చెప్పుకుంటున్నదే.

వీరమణి గెలిచింది. తేడా అతి స్వల్పం. భీమరాజుగారు తన అరుగు మీద కూర్చుని, వచ్చిన విలేకరితో, "నా ఊరివాళ్ళు నన్ను ఓడించడమేవిటయ్యా. దీని వెనకాల విదేశీ హస్తం ఉంది" అన్నారు. ఓడినవాళ్ళు ఏదో ఒక హస్తాన్ని తలుచుకోవడం ఆనవాయితీ. మర్నాటికి అందరూ మర్చిపోవాలి. దురదృష్టవశాత్తూ ఆ రోజు టీవీవాళ్ళకి వేరే వార్త దొరకలేదు.

మధ్యాహ్నానికల్లా తెర మీద ప్రపంచపటం వచ్చింది. కువైట్ నుంచి ఎర్రబాణం ఒకటి బయల్దేరి అరేబియా సముద్రం దాటి తిన్నగా తాటిగుంటలంకలో దిగబడింది. "లంకే కదా అని తీసిపారేస్తున్నాం. ముందు మునిగేవి లంకలే" అన్నాడు విదేశీ వ్యవహారాల నిపుణుడు. వెంటనే విచారణ జరగాలని ఒకాయన బల్ల గుద్దాడు. విచారణ కోరడమే ఓటర్లకి అవమానమని రెండో ఆయన అదే బల్లని అటువైపు నుంచి గుద్దాడు. ఇంకా మొదలు కాని విచారణ ఎందుకింత ఆలస్యంగా నడుస్తోందో దాని మీద విచారణ జరగాలని మూడో ఆయన అన్నాడు. అందరికీ ఆయన మాటే న్యాయంగా తోచింది.

ఊళ్ళో టీ హోటలు రెండుగా చీలిపోయింది. ఒక బెంచీ వాళ్ళు విచారణ కావాలన్నారు, రెండో బెంచీ వాళ్ళు విచారణ మీద విచారణ కావాలన్నారు. ఏ బెంచీ మీదా కూర్చోకుండా నిలబడి టీ తాగినవాణ్ణి ఇద్దరూ కలిసి విదేశీ ఏజెంటన్నారు.

ప్రభుత్వం ఇద్దరి కోరికా మన్నించి 'ఎన్నికలలో విదేశీ జోక్య నిర్ధారణ సంఘం' వేసింది. దానికి అధ్యక్షులు చావలి దక్షిణామూర్తిగారు. రిటైరైన పెద్ద ఉద్యోగి. ఇదివరకు ఒక తుపాను నష్టం మీద విచారణ జరిపి, సదరు తుపాను తమ పరిధిలోకి రాదని తేల్చిన మేధావి. విచారణ పూర్తయ్యేదాకా వీరమణి ప్రమాణ స్వీకారం చెయ్యరాదన్నారు. గెలిచిన ఊపులో ఆవిడ నీళ్ళ పథకం కోసం దింపించిన పైపులు ఏటిగట్టు మీదే ఉండిపోయాయి. వాటిలో ఓ కుక్క ఈనింది.

సంఘం తుపాను షెల్టరులో కొలువుతీరింది. పారదర్శకత కోసం విచారణంతా టీవీలో ప్రత్యక్ష ప్రసారమన్నారు. మొదటిరోజే వీరమణి లేచి నిలబడింది.

"అయ్యా, ఫోన్లు చేసింది మన ఊరి ఆడోళ్ళండి. ఆళ్ళ పిల్లలిక్కడ, ఇళ్ళిక్కడ, ఓటూ ఇక్కడేనండి. ఆళ్ళు విదేశీయులెలా అవుతారండి?"

దక్షిణామూర్తిగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "అమ్మా, సదరు స్త్రీలు స్వదేశీయులే. అందు సందేహము లేదు. అయితే వారి వాక్కు విదేశీ భూభాగమున జన్మించి, సముద్రము దాటి, ఎట్టి సుంకమూ తనిఖీయూ లేకుండా ఓటరు చెవియందు ప్రవేశించినది. కావున మనిషి స్వదేశీ, మాట విదేశీ."

"మొగుడికి పెళ్ళాం మాట చెప్పడం తప్పాండి?"

"ఒకే చూరు కింద చెప్పినచో అది దాంపత్యము. సముద్రమునకు అవతల నుండి చెప్పినచో అది జోక్యము" అన్నారాయన. సంఘం గుమాస్తా ఆ వాక్యం రాసుకుని కింద గీత గీశాడు. సాయంత్రానికి అది నిబంధన అయింది.

ఊళ్ళో అందరికంటే ఎక్కువ విదేశీ ఫోన్లు అందుకున్నవాడు ఏడుకొండలే అని తేలింది. పల్లాలమ్మ పూటకోసారి చేస్తుంది మరి. మొదటి సాక్షిగా అతనికే పిలుపొచ్చింది.

వినగానే భీమరాజుగారు అతని ఇంటికొచ్చారు. ఆయన ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. తన పులావు తిన్నవాళ్ళంతా తనకే వేసి ఉంటే తాను ఓడేవాణ్ణి కాదు కాబట్టి, తిన్నవాళ్ళెవరూ వెయ్యలేదని ఆయన తీర్మానించుకున్నారు.

"నా పులావు తిని కత్తెరకి గుద్దావు. పోన్లే, మర్చిపోతాను" అన్నారు. "నువ్వు చెయ్యాల్సిందల్లా ఒకటే. మా ఆవిడ చెప్పింది, నేను గుద్దాను అను. ఎన్నిక కొట్టేస్తారు."

"అది కాదండి రాజుగారండీ, నేను..." అని ఏడుకొండలు నోరు తెరిచాడు గానీ, గోడకి ఉన్న పల్లాలమ్మ ఫొటో కనపడి మూసేశాడు.

ఆయన అటు వెళ్ళగానే ఇటు వీరమణి వచ్చింది. "తమ్ముడూ, మీ ఆవిడ చెప్పిందని కాదు, నీకు నచ్చే ఏశానని చెప్పు. నీ నోటి మీద ఆధారపడి ఉంది. నీ కూతురు కూడా ఆ ఉప్పునీళ్ళే తాగుతంది."

"అలాగే అక్కా" అన్నాడు. ఎవరికైనా అలాగే అనడం తప్ప అతనికి వేరే జవాబు రాదు.

ఆ తర్వాత పల్లాలమ్మ ఫోను. "రేపు నిన్ను టీవీలో చూపిత్తారంట కదా. మా యజమానురాలు కూడా చూత్తానంది. బాగా దువ్వుకుని ఎల్లు. భయపడకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

మర్నాడు పొద్దున్నే ఏడుకొండలు పని లేకపోయినా ఓ కొబ్బరిచెట్టెక్కి మట్టల్లో కూర్చున్నాడు. ఎంత తిప్పి చూసినా లెక్క ఒకటే. నేను మా ఆవిడ మాట వినలేదు, ఉంగరానికి గుద్దాను అంటే వీరమణి పదవి నిలబడుతుంది, తన కాపురం పడిపోతుంది. విన్నానంటే కాపురం నిలబడుతుంది, ఊరికి నీళ్ళు పోతాయి. వీరమణి చెప్పమన్నట్టు నాకు నచ్చే వేశానంటే, పెళ్ళాం మాట లెక్కచెయ్యలేదని టీవీలో చాటినట్టే. నిజం చెప్పి ఇల్లు పోగొట్టుకోవడమా, అబద్ధం చెప్పి ఊరు పోగొట్టుకోవడమా అన్నది కొబ్బరి దింపువాడి మీద పెట్టవలసిన భారం కాదని అతనికి గట్టిగా అనిపించింది. కింద నుంచి బంట్రోతు కేకేశాడు. దిగక తప్పలేదు.

షెల్టరు కిక్కిరిసి ఉంది. ప్రమాణం చేయించాక దక్షిణామూర్తిగారు గొంతు సవరించుకున్నారు.

"నీకు ఆదేశములిచ్చిన విదేశీ శక్తి పేరేమి?"

"పల్లాలమ్మండి."

"సదరు శక్తితో నీకు గల సంబంధము?"

"మా ఆవిడండి."

"సదరు శక్తి నిన్ను బెదిరించెనా? లేక ప్రలోభపెట్టెనా?"

ఏడుకొండలు ఆలోచించాడు. "రెండూ ఉంటాయండి. ఎప్పుడూ ఉండేయేనండి."

"ప్రలోభము ఎట్టిది?"

"ఈసారి వచ్చినప్పుడు ఖర్జూరాలు తెత్తానందండి."

హాలంతా గగ్గోలెత్తింది. విలేకరులు బయటికి పరిగెత్తారు. ఆ సాయంత్రం టీవీల్లో 'ఖర్జూరం కుట్ర' అన్న పేరుతో చర్చ జరిగింది, అందులో పోషకాహార నిపుణులు కూడా పాల్గొన్నారు.

"కడపటి ప్రశ్న. ఆమె చెప్పినట్లే ఓటు వేసితివా?"

కెమెరా మీద ఎర్రదీపం వెలుగుతోంది. ఆ దీపం వెనకాల సముద్రం, సముద్రం వెనకాల వంటిల్లు, వంటింట్లో నిలబడి చూస్తున్న పల్లాలమ్మ, అన్నీ ఏడుకొండలుకి కనపడ్డాయి. ఇటు పక్కన వీరమణి అతని నోటి వంకే చూస్తోంది.

"ఆయ్. చెప్పినట్టే ఏశానండి. కత్తెరకేనండి" అన్నాడు.

వీరమణి కళ్ళు మూసుకుంది. భీమరాజుగారు వెనక్కి వాలి మీసం దువ్వుకున్నారు. ఏడుకొండలు బయటికొచ్చి ఉప్పునీళ్ళు కడుపునిండా తాగాడు. తన మీద తనకి అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు.

అతని తర్వాత వచ్చిన సాక్షీ అదే చెప్పాడు. ఆ తర్వాతవాడూ అంతే. కువైట్ మొగుళ్ళయ్యాక మస్కట్ మొగుళ్ళొచ్చారు, వాళ్ళయ్యాక దోహా మొగుళ్ళు. ఎర్రదీపం వంక చూడటం, మా ఆవిడ చెప్పినట్టే కత్తెరకి ఏశానండి అనడం. భీమరాజుగారు ఒక్కొక్క సాక్ష్యానికీ తల ఊపుతూ కూర్చున్నారు. ఆయన కారు డ్రైవరు లేచి అదే ముక్క చెప్పేసరికి తల ఆగింది. ఆ తర్వాత, బూతులో ఆయన తరఫున కూర్చున్న పోలింగు ఏజెంటు లేచాడు.

"ఒరే, నువ్వు నా ఏజెంటువి కదరా" అన్నారు రాజుగారు ఉండబట్టలేక.

"ఏజెంటునేనండి. మా ఆవిడ దోహాలో ఉందండి" అన్నాడు వాడు, కెమెరా వైపే చూస్తూ.

విచారణ ముగిశాక గుమాస్తా కూడికలు వేశాడు. వేసి, మళ్ళీ వేశాడు. కత్తెరకి వేశామని ప్రమాణం చేసిన మొగుళ్ళ సంఖ్య, కత్తెరకి మొత్తం పడిన ఓట్ల కంటే ఎక్కువుంది. ఊళ్ళో మిగిలిన ఆడవాళ్ళనీ ముసలివాళ్ళనీ ఇంకా కలపనేలేదు. గుమాస్తా కాగితం అధ్యక్షుల ముందు పెట్టి, సాక్షులు అబద్ధమాడారేమోనండి అన్నాడు.

దక్షిణామూర్తిగారు అతన్ని జాలిగా చూశారు. "ప్రభుత్వ సంఘము ఎదుట ప్రమాణము చేసి చెప్పినది అసత్యము కాజాలదు. కావున ఓట్లే అసత్యము."

ఇక తర్కం తన దారిన తాను నడిచింది. ఓట్లు అసత్యమైతే ఎవరో దొంగిలించారు. కత్తెర ఓట్లు పోయి ఉంగరంలో పడ్డాయి. కాబట్టి విదేశీ హస్తానికి ఉంగరం ఉంది. భీమరాజుగారికి విదేశాలతో సంబంధమేమిటని చూస్తే, వెతకనక్కర్లేకుండానే దొరికింది. ఆయన చెరువుల్లో పెరిగేది వనామి రొయ్య. దాని పుట్టిల్లు ఎక్కడో దూర సముద్రాల అవతల. పెరిగాక అమ్ముడుపోయేదీ విదేశాలకే. పుట్టుక విదేశీ, గమ్యం విదేశీ, మధ్యలో కొన్నాళ్ళు మాత్రం లంకలో మకాం. గూఢచారి లక్షణాలు ఇంతకంటే స్పష్టంగా ఉండవని టీవీలో నిపుణుడు అన్నాడు. పటం మీద ఎర్రబాణం కువైట్ నుంచి లేచి వేరే దేశం మీదకి మారింది. సంఘం వలలతో సహా చెరువుగట్టు మీదకి వెళ్ళి కొన్ని రొయ్యల్ని అదుపులోకి తీసుకుంది. వాటిని అడిగిన ప్రశ్నలేమిటో బయటికి రాలేదు గానీ, ఆ మధ్యాహ్నం షెల్టరులోంచి వేపుడు వాసన వచ్చిందని ఊళ్ళోవాళ్ళు చెప్పుకున్నారు.

భీమరాజుగారు రెండోసారి ఏడుకొండలు గుమ్మం తొక్కారు. ఈసారి నిలబడే మాట్లాడారు. "ఏడుకొండలూ, నిజం చెప్పు. నాకే గుద్దావు కదూ."

"ఆయ్."

"మరి ఆ ముక్క సంఘం దగ్గర చెప్పరా బాబూ. నన్ను దేశద్రోహి అంటన్నారు."

"చెప్పలేనండి. మా ఆవిడ చూత్తాదండి" అన్నాడు ఏడుకొండలు. రాజుగారు వెనక్కి తిరిగి గుమ్మం దిగారు. ఆయన ఇంట్లో కూడా రాణిగారు ఉన్నారు. కొన్ని సంగతులు విప్పి చెప్పుకోనక్కర్లేదు.

ఇన్ని హస్తాల మధ్య అసలు ఫలితం ఏదో తేలదు కాబట్టి మళ్ళీ పోలింగు పెట్టమని సంఘం సిఫారసు చేసింది. ఈసారి విదేశీ ప్రభావం పొడ కూడా సోకకూడదని, లంకలో సెల్ టవరు ఆపేశారు. సంఘం అధ్యక్షులు స్వయంగా ఆదేశించేదాకా తెరవరాదన్నారు. ఓటర్లు ఇక స్వేచ్ఛగా, నిర్భయంగా, సొంత బుద్ధితో ఆలోచించవచ్చునని దండోరా వేయించారు.

సొంత బుద్ధి అనేసరికి ఊళ్ళో మగవాళ్ళు గాభరాపడ్డారు. మొదటి రెండు రోజులూ పండగలా ఉంది. తర్వాత పిల్లలు బడికి ఆలస్యంగా వెళ్ళసాగారు. పులుసులు పుల్లబడ్డాయి. తుమ్ములకి ఏ మాత్రో, విరేచనాలకి ఏ మాత్రో తెలియక ఒకళ్ళిళ్ళకొకళ్ళు పరుగులు. ఏడుకొండలు ఇంట్లో చక్కెర డబ్బా కోసం ఒక పూటంతా వెతికాడు. దొరికాక, దొరికిందని చెప్పడానికి ఎవరూ లేరు. అప్పుడు తెలిసింది అతనికి, తనకి పనికొచ్చింది పల్లాలమ్మ చెప్పే జవాబులు మాత్రమే కాదని. పూటకోసారి తిన్నావా అని అడిగితే విసుక్కునేవాడు. ఇప్పుడు తిన్నా తిన్నట్టు లేదు.

ఒక రోజు కూతురు చెంబుతో నీళ్ళు నోట్లో పోసుకుని మొహం చిట్లించి, మింగకుండా నిలబడిపోయింది. ఉమ్మితే తండ్రి బాధపడతాడని చివరికి మింగేసింది. ఏడుకొండలు బయటికెళ్ళి ఏటిగట్టు మీద పైపుల పక్కన కూర్చున్నాడు. ఎదురుగా గోదావరి నిండుగా, తీపిగా, తనకేమీ పట్టనట్టు పోతోంది. చాలాసేపు చూశాడు. పిల్ల తాగేది ఈ నీళ్ళు కావాలి, అనుకున్నాడు. ఎవరూ చెప్పకుండా అతనికి వచ్చిన మొదటి రాజకీయాభిప్రాయం అది.

పోలింగు రోజున రాజుగారి తోటలో మళ్ళీ పులావు వడ్డించారు. ఏడుకొండలు చుట్టుదారిన వెళ్ళి కత్తెరకి గుద్దాడు. తోట దగ్గర ఆగకపోవడం ఆకలి లేక కాదు. క్యూలో ముందూ వెనకా అదే చుట్టుదారిన వచ్చిన మొగుళ్ళు చాలామంది కనపడ్డారు. ఎవరూ ఎవరి మొహం చూడలేదు.

వీరమణి రాజుగారిని ఈసారి చిత్తుగా ఓడించింది. రాజుగారు విలేకరుల్ని దగ్గరికి రానివ్వలేదు. ప్రజాతీర్పును గౌరవిస్తున్నానని తలుపు సందులోంచి చెప్పారు. సంఘం మాత్రం తన బాధ్యత మరువలేదు. విదేశీ ప్రభావాన్ని పూర్తిగా తొలగించినా మొదటి ఫలితమే మరింత బలంగా వచ్చిందంటే, ఆ ప్రభావం ఓటర్ల నెత్తురులో ఇంకిపోయిందని నివేదిక రాసింది. మూలాల్ని అధ్యయనం చెయ్యడానికి దక్షిణామూర్తిగారు కువైట్ వెళ్ళారు.

వెళ్ళే హడావిడిలో టవరు సంగతి మర్చిపోయారు. అక్కడ గుర్తొచ్చి, పట్నంలో ఉన్న గుమాస్తాకి ఫోన్ చేసి, వెంటనే టవరు తెరిపించమన్నారు. గుమాస్తా వినయంగా విన్నాడు. సముద్రానికి అవతల నుంచి చెప్పింది జోక్యమని గీత గీసి మరీ రాసుకున్న మనిషి. ఆ ఆదేశాన్ని విదేశీ జోక్యంగా నమోదు చేసి, పాటించలేదు. ఆయన అరిచారు. అరవడాన్ని బెదిరింపుగా నమోదు చేశాడు. ఆఖరికి దక్షిణామూర్తిగారు అధ్యయనం సగంలో ఆపి, విమానమెక్కి వచ్చి, గుమాస్తా ఎదురుగా నిలబడి అదే ముక్క మళ్ళీ చెప్పారు. అప్పుడు తెరిచారు టవరు.

ఈలోగా వీరమణి ప్రమాణ స్వీకారం చేసి పైపులు పాతించింది. టవరు తెరిచిన రోజుకి ఏడుకొండలు ఇంటి ముందు కుళాయి నుంచి సన్నగా ధార పడుతోంది. పిల్ల దోసిలి పట్టుకుని దాని దగ్గరే కూర్చుంది. ఫోను మోగింది.

"ఎవరికేశావు?" అంది పల్లాలమ్మ. తిన్నావా అని కూడా అడగలేదు.

"కత్తెరకి" అన్నాడు. పిల్ల దోసిలి వంక చూసి, "ఈసారి నిజంగానే" అన్నాడు. ఆ మాట ఎలా వచ్చేసిందో అతనికే తెలియదు.

అవతల నుంచి నవ్వు వినపడింది. "తెలుసులేవయ్యా. మొదటిసారి ఓట్ల లెక్క తేలాక వచ్చిన శుక్రవారం సెలవునాడే మేవందరం కలిశాం. ఆ పిల్ల మొగుడూ కత్తెరకేనంట, ఈ పిల్ల మొగుడూ కత్తెరకేనంట, అందరి మొగుళ్ళూ కత్తెరకేనంట. మరి ఓట్లేవే అని టీ తాగుతా నవ్వుకున్నాం."

ఏడుకొండలు సిగ్గుతో కుళాయి కట్టేసి, మళ్ళీ విప్పాడు. "తెలిసి మరి నన్ను అడగలేదేం?"

"ఎలా అడగమంటావు?" అంది పల్లాలమ్మ. "ఇక్కణ్ణుంచి అడిగితే విదేశీ జోక్యం అంటన్నారు కదా."